కుర్చీలో అన్న మాట

మా అక్క రాసే దయ్యాలు మొదట్లో బ్యాంకు మేనేజర్లలా మాట్లాడేవి. "నీ సాన్నిధ్యంలో నా ఉనికి పరిపూర్ణమవుతోంది" అనేవి. అది విన్న పదహారేళ్ళ పిల్ల ప్రేమలో పడదు, సంతకం ఎక్కడ పెట్టాలి అని అడుగుతుంది. ఆ ముక్కే అక్క మొహం మీద అనేశాను. "అంత తెలిసినదానివి నువ్వే మాట్లాడి చూపించవే" అంది. చూపించాను. అలా మూడు పుస్తకాలపాటు మా అక్క దయ్యానికి నోరు నేనే.

అక్క తన పుస్తకాలు తానే వేసుకునే రచయిత్రి. కుర్రకారు చదివే దయ్యాల ప్రేమకథలు. వెనకాల ప్రచురణ సంస్థ అంటూ ఏదీ లేదు. రాయడం, దిద్దడం, అట్ట మీద బొమ్మ చేయించడం, ఆన్‌లైన్‌లో పెట్టడం అన్నీ తనే. పార్సిళ్ళు కట్టడం ఒక్కటే బావ పని. బావకి కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. కళ్ళజోళ్ళు వచ్చిన అట్టపెట్టెల్లోనే మా దయ్యాలు ఊరేగేవి. "అక్క పుస్తకాలు చదివి పిల్లల కళ్ళు పోతే మళ్ళీ మీ దగ్గరికే వస్తారు, భలే బేరం బావా" అని ఏడిపించేదాన్ని. ఆయన పాపం నవ్వి ఊరుకునేవాడు.

మూడు పుస్తకాల్లోనూ కథ ఒక్కటే. ఒక పాత అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య మెట్ల మీద ఒక కుర్రాడి దయ్యం ఉంటుంది. ఎవరి గడపా దాటి లోపలికి రాలేడు. నాలుగో అంతస్తులో ఉండే కాలేజీ పిల్ల రోజూ మెట్ల మీద కూర్చుని వాడితో మాట్లాడుతుంది. చెయ్యి కూడా తగలదు. దానికే ఆడపిల్లలు గుక్కపెట్టి ఏడ్చి అక్కకి మెసేజీలు పెట్టేవారు. వాళ్ళు వాణ్ణి 'మెట్ల మీది వాడు' అనేవారు. నాలుగోది ఆఖరి పుస్తకం. అందులో వాడు వెళ్ళిపోవాలి. వానలు వెనకబట్టేలోగా పుస్తకం ఇస్తానని అక్క తేదీ ప్రకటించేసింది. జనం ముందుగానే కొనేసుకున్నారు కూడా. కానీ వాడు ఏం చెప్పి వెళ్తాడన్నది మాత్రం అక్కకి తెగలేదు.

అప్పటికి రెండేళ్ళుగా నేను అక్కావాళ్ళింట్లో మేడ మీద గదిలో ఉంటున్నాను. అంతకుముందు మా ఇంటి నుంచి వచ్చి పోయేదాన్ని. మా ఆయన లిఫ్టులు బాగుచేసేవాడు. ఒక వానరోజు పొద్దున్నే పనికి వెళ్తూ బండి జారి పోయాడు. "ఒక్కదానివీ ఆ ఇంట్లో గోడలు చూస్తూ ఏం కూర్చుంటావు, పద" అని అక్కే వచ్చి నా సామాను సర్దింది. ఉన్న మాట చెప్పాలి కదా. ఆ రోజుల్లో నాకు అన్నం కలిపి పెట్టింది కూడా అక్కే.

నేను పళ్ళ డాక్టరు దగ్గర వెనక గదిలో కట్టుడు పళ్ళు చేస్తాను. పగలంతా ఊళ్ళోవాళ్ళ పళ్ళు, సాయంత్రం అక్క దయ్యం. ఆదివారాలు మా అత్తయ్య దగ్గరికి వెళ్ళేదాన్ని. మా ఆయనకి తండ్రి చిన్నప్పుడే పోతే ఆవిడే టెలిఫోన్ ఆపరేటరు ఉద్యోగం చేసి పెంచింది. రిటైరయ్యాక ఒక్కతే ఉంటోంది. జీవితమంతా ఫోన్లో మాట్లాడీ మాట్లాడీ విసిగిందేమో, ఇంట్లో మాట ఖర్చుపెట్టదు. ఇద్దరం పక్కపక్కన కూర్చుని టీవీ చూసేవాళ్ళం. ఆయన పేరు ఆవిడ ఎత్తదు, నేనూ ఎత్తను. అయినా ఆదివారం వెళ్ళకపోతే నాకు ఆ వారం వారంలా ఉండేది కాదు.

ఇక మా రాత పద్ధతి. అక్క గదిలో బల్ల పక్కన ఒక పేము కుర్చీ, కింద ఒక చాప ఉండేవి. నేను కుర్చీలో కూర్చున్నానంటే దయ్యాన్ని. అక్క ఆ పిల్లలా అడుగుతుంది, నేను వాడిలా జవాబు చెబుతాను, అక్క టకటకా టైపు కొట్టేసుకుంటుంది. మొదటి పుస్తకం అప్పుడు ఈ తేడాలేవీ లేవు. బావ గురక మీద నేనేదో సరదాగా అన్నది ఉన్నదున్నట్టు పుస్తకంలోకి ఎక్కి కూర్చుంది. బావ అలిగి రెండు రోజులు హాల్లో పడుకున్నాడు. నేను చెడామడా తిట్టేశాను. అప్పుడు అక్కే పెట్టింది ఈ నియమం. "కుర్చీలో అన్నది పుస్తకానిది. చాప మీద అన్నది మనది. నీ మీద ఒట్టు" అని నా నెత్తిన చెయ్యి పెట్టింది. రెండు, మూడు పుస్తకాలకి ఆ ఒట్టు చెక్కుచెదరలేదు.

ఆ వానాకాలం మొదట్లో రోజూ ఇదే తంతు.

"సరే, వాడు గుమ్మం దాకా వచ్చాడు. వెళ్ళిపోతున్నాడు. ఏమంటాడు?" అక్క అడిగేది.

"వెళ్ళొస్తాను అంటాడు."

"దయ్యం ఎక్కడికే వెళ్ళొచ్చేది, కూరగాయలకా?"

"అయితే వెళ్తాను అంటాడు."

"వెళ్తాను అనకూడదే, అశుభం."

"అక్కా, వాడు ఇప్పటికే చచ్చిపోయాడు."

గుమ్మంలో పార్సిళ్ళకి తాడు కడుతున్న బావ పగలబడి నవ్వాడు. అక్క మాత్రం నవ్వలేదు. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పడేసింది. "మీకు నవ్వులాటగా ఉంది. నాలుగేళ్ళుగా నన్ను నమ్ముకుని ఉన్నారా పిల్లలు. ఈ ఒక్క మాట దగ్గర వాళ్ళు ఏడవకపోతే నా పని అయిపోయినట్టే" అంది. నిజంగానే మొహం పీక్కుపోయింది. తిండి మానేసింది. నేనిచ్చిన మాటలన్నీ కొట్టిపారేసింది. అవి అంత గొప్పగా ఉన్నాయని నేనూ అనను.

ఒక సాయంత్రం వాన పట్టుకుంది. దయ్యానికి ఆ పూటకి సెలవు ఇచ్చి పంపేసి ఇద్దరం చాప మీద చేరాం. అక్క నా జడ విప్పి చిక్కు తీస్తోంది. చిన్నప్పటి నుంచీ తల అక్క చేతుల్లో పెడితే నాకు నోరు ఊరుకోదు. ఆ సంగతి అక్కకి నాకంటే బాగా తెలుసు.

"మీ ఆయన పొద్దున్నే బయల్దేరేటప్పుడు ఏమనేవాడే?" అంది.

నేను చాప మీద ఉన్నాను. అందుకే చెప్పాను.

"గడియ పెట్టకు, ఏదో మర్చిపోయే ఉంటాను, అనేవాడు. రోజూ అదే మాట. నేను గడియ పెట్టకుండా నిలబడేదాన్ని. కింద దాకా వెళ్ళి మళ్ళీ మెట్లెక్కి వచ్చేవాడు. ఒక రోజు రుమాలు, ఒక రోజు టిఫిను డబ్బా. ఏం మతిమరుపు మనిషి దొరికాడ్రా బాబూ అని నెత్తి కొట్టుకునేదాన్ని. పెళ్ళయిన ఏడాదికి తెలిసింది అసలు సంగతి. రుమాలు కోసం వచ్చాడా, చూస్తే జేబులోంచే వేలాడుతోంది రుమాలు. దొంగ మొహం! ఇంకొక్కసారి నా మొహం చూసి పోదామని, అంతే..."

అంతలో కిటికీ కిందనుంచి నీళ్ళు కారి చాప దాకా వచ్చేశాయి. "అయ్యో, నీ వైపంతా తడిసిపోయిందే. లే లే, ఆ కుర్చీలో కూర్చో, నడుం పట్టేస్తుంది" అంది అక్క. లేచి కుర్చీలో కూర్చున్నాను. నోరు మాత్రం ఆపలేదు. ఒకసారి మొదలెడితే ఆగే నోరు కాదు నాది.

"ఆ రోజు కూడా అన్నాడక్కా. నేను గడియ పెట్టలేదు. చాలాసేపు చూశాను. ఆ రోజు ఏమీ మర్చిపోలేదు. రుమాలుతో సహా అన్నీ పట్టుకునే వెళ్ళాడు."

అక్క దువ్వెన పట్టుకుని అలాగే ఉండిపోయింది. నేను ఇంకా చెప్పాను. ఆయన గొంతు నా దగ్గర ఎక్కడా లేదు. ఫోను ఆయనతో పాటే చితికిపోయింది. పెళ్ళి వీడియోలో తలూపుతాడు తప్ప పెదవి విప్పడు. ఆయన అన్న మాటలు చాలానే గుర్తున్నాయి గానీ, వాటిలో గొంతు లేదు, నా గొంతుతోనే వినబడతాయి. ఆ ఒక్క మాట మాత్రం ఇంకా ఆయన గొంతుతోనే ఉంది. "ఏదో" దగ్గర కాస్త సాగదీసి, చివర్లో నవ్వు మింగి. రోజూ నిద్ర లేవగానే కళ్ళు తెరవకముందు ఒకసారి వింటాను. ఆ తర్వాతే లేస్తాను. "ఇది ఎవరికీ చెప్పలేదక్కా. అత్తయ్యకి కూడా" అన్నాను.

అక్క ఏడ్చింది. నటన కాదు, నిజంగా ఏడ్చింది. కొంగుతో ముందు నా మొహం తుడిచి తర్వాత తన మొహం తుడుచుకుంది. "నాతో చెప్పుకున్నావుగా, బరువు దిగిందా?" అంది. దిగింది. రెండేళ్ళలో మొదటిసారి తేలిగ్గా అనిపించింది. అదే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండే సంగతి.

మర్నాడు నేను పని నుంచి వచ్చేసరికి అక్క గుమ్మంలో నిలబడి ఉంది. "అయిపోయిందే ఆఖరి అధ్యాయం!" అంటూ నన్ను పట్టుకుని గిర్రున తిప్పేసింది.

"ఏమని వెళ్ళాడే వెధవ?"

"చెప్పను. ఈసారి నువ్వు కూడా అందరితో పాటు చదవాల్సిందే."

మూడు పుస్తకాలూ అచ్చులో అక్షరం పడకముందే చదివింది నేను. అయినా నాకు అనుమానం రాలేదు. సరదా పడుతోంది, పడనీ అనుకున్నాను. ఆ రోజుల్లో నన్ను చూసుకున్నట్టు అక్క ఎప్పుడూ చూసుకోలేదు. మంచం దగ్గరికే కాఫీ తెచ్చేది. నా పాత గొడుగు చువ్వ ఊడిందని కొత్తది కొంది. "ఏం బావా, మీ ఆవిడకి నా మీద ఇంత ప్రేమ పొంగిందేమిటి" అంటే, "పుస్తకం పూర్తయింది కదమ్మా, ఇంటికి వెలుగొచ్చింది" అన్నాడాయన. నాకు మనసు నిండిపోయేది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టని అంటారే, అప్పటికి నేను ఇంకా నానబోస్తూనే ఉన్నాను.

పుస్తకం బయటికి రాకముందే చదివి అభిప్రాయం రాయడానికి అక్కకి కొందరు తొలి పాఠకులుండేవారు. అంతా కాలేజీ పిల్లలే. వాళ్ళలో ఒక పిల్ల సైకిల్ మీంచి పడి ముందు పన్ను విరగ్గొట్టుకుని మా డాక్టరు దగ్గరికి వచ్చింది. కట్టబోయే పన్ను పక్క పళ్ళ రంగులో కలవాలి కదా, ఆ రంగు సరిచూడ్డానికి నన్ను ముందు గదిలోకి పిలిచారు. పంటి రంగులు వరసగా అంటించిన పట్టీ పట్టుకుని వెళ్ళాను. పిల్ల కుర్చీలో వాలి ఉంది. తోడు వచ్చిన స్నేహితురాలు ఫోన్ మోగితే బయటికి వెళ్తూ తలుపు దగ్గర ఆగి, గుండె మీద చెయ్యి వేసుకుని, "గడియ పెట్టకే, ఏదో మర్చిపోయే ఉంటాను" అంది.

"చంపకే బాబూ, నిన్నటి నుంచీ ఏడుస్తూనే ఉన్నాను" అంది ఈ పిల్ల.

"ఏమంది ఆ అమ్మాయి?" అన్నాను.

"మెట్ల మీది వాడు, ఆఖరిది ఆంటీ. ఇంకా బయటికి రాలేదు, మాకు ముందే పంపారు. వాడు రోజూ ఆ అమ్మాయితో అలా అంటాడన్నమాట. ఆఖరి రోజు కూడా అంటాడు. ఆ పిల్ల గడియ పెట్టకుండా కూర్చుంటుంది ఆంటీ, కూర్చుంటుంది, కూర్చుంటుంది... ఆఖరి వాక్యం ఏంటో తెలుసా? ఆ రోజు వాడు ఏమీ మర్చిపోలేదు. అంతే. అయిపోయింది!" కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి ఆ పిల్లకి.

"నోరు తెరువమ్మా" అన్నాను. పట్టీ పెట్టి రంగు చూశాను. చీటీ మీద రాసుకున్నాను. వెనక గదిలోకి వచ్చి నా స్టూలు మీద కూర్చున్నాను. ఆ పన్ను తర్వాత మళ్ళీ చెయ్యాల్సి వచ్చింది. నేను రాసుకున్న రంగు ఆ పిల్ల నోట్లో ఏ పంటికీ సరిపోలేదు.

ఇంటికి వెళ్ళేసరికి అక్క కవర్ల మీద చిరునామాలు అంటిస్తోంది. నా మొహం చూడగానే ఆమె చేతులు ఆగిపోయాయి. అప్పుడే నాకు రూఢి అయిపోయింది.

"ఎందుకు చేశావక్కా?"

"కూర్చోవే ముందు."

"ఎక్కడ కూర్చోను? చెప్పు, ఎక్కడ కూర్చుంటే నా మాట నాది?"

అక్క చేతిలోని కవరు బల్ల మీద పెట్టింది. "ఆ మాట అన్నప్పుడు నువ్వు కుర్చీలో ఉన్నావు" అంది మెల్లిగా.

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "చాప తడిసిందని లేపింది నువ్వు కాదూ?"

"లేపాను. చాప నిజంగానే తడిసింది."

"మొదటి మాట చాప మీదే చెప్పాను."

"రెండోది కుర్చీలో చెప్పావు. రెండోది లేకపోతే మొదటిదానికి విలువ లేదే. నేను చాలా ఆలోచించాను. ఊరికే తీసుకోలేదు."

ఆలోచించిందట! కోర్టులో ప్లీడరు కూడా అంత చక్కగా వాదించడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతి నాకు తెలియదు గానీ, నేనైతే ఆ దొంగ చేతికి తాళాలిచ్చి, తల కూడా దువ్వించుకున్నాను. అరిచాను. ఏమేం అన్నానో నాకే గుర్తులేదు. అరుపులకి బావ దుకాణం నుంచి వచ్చి, గుమ్మంలో నిలబడి, ఇది అక్కాచెల్లెళ్ళ గొడవ అనుకుని వెనక్కి వెళ్ళిపోయాడు.

చివరికి బతిమాలాను. "ఇంకా బయటికి రాలేదు కదా. నీ మీద ఎవరున్నారని? నువ్వు తలుచుకుంటే ఇవాళ మారుతుంది. మార్చెయ్యక్కా. ఆయనది నా దగ్గర అదొక్కటే ఉంది."

అక్క దగ్గరికి వచ్చి నా తల తన భుజానికి ఆనించుకుంది. "సరేలే, ఏడవకు. దానికి సరిపోయే మాట ఇంకొకటి దొరకనీ, మార్చేస్తాను. నువ్వే ఇవ్వు" అంది.

అందుకని మళ్ళీ కూర్చున్నాను ఆ కుర్చీలో. సాయంత్రం పని కాగానే పరుగున వచ్చి కూర్చునేదాన్ని. ఆ కాలంలో మాట్లాడినట్టు ఆ దయ్యం ఎప్పుడూ మాట్లాడలేదు. నా ఒక్క మాట విడిపించుకోవడానికి ఎన్ని మాటలు కట్టానో! ప్రేమ మాటలు, తిట్లు, వేళాకోళాలు, పిచ్చి పిచ్చి వాగ్దానాలు. "బాగుందే", "ఇది ఇంకా బాగుందే" అంటూ అక్క అన్నీ టైపు కొట్టుకుంది. "మార్చావా?" అంటే "చూస్తున్నాగా" అనేది. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం.

చెప్పిన రోజుకి పుస్తకం వచ్చింది. పోస్టుకి వెళ్ళాల్సిన పెట్టెలోంచి ఒకటి లాగి ఆఖరి పేజీ తీశాను. ఆ రోజు వాడు ఏమీ మర్చిపోలేదు. అక్షరం మారలేదు. నేను కుర్చీలో కూర్చుని ఇచ్చిన మాటలు కూడా వృథా పోలేదు లెండి. వాటన్నిటితో ఒక చిన్న కథ కట్టి, ముందుగా కొన్నవాళ్ళందరికీ కానుకగా పంపింది అక్క.

ఈసారి నేను అరవలేదు. మోసపోయినవాళ్ళు మొదటిసారి అరుస్తారు. రెండోసారికి గొంతు రాదు.

ఆ తర్వాత ఆ మాట ఇల్లు దాటి వీధిలో పడింది. ఆడపిల్లలు బ్యాగుల మీద రాసుకున్నారు. బస్సు దిగుతూ ఒకళ్ళకొకళ్ళు చెప్పుకున్నారు. పుస్తకాన్ని ఆడియోగా కూడా చదివించి ఆన్‌లైన్‌లో పెట్టింది అక్క. రేడియోలో చేసే ఆయనెవరో, బొంగురు గొంతు, ప్రతి అక్షరం నొక్కి నొక్కి పలికాడు. అది పొద్దున్నే వంటింట్లో మోగేది. ఇక బావ. ఆయనకి ఏమీ తెలియదు పాపం. దుకాణానికి వెళ్తూ చెప్పుల్లో కాళ్ళు పెట్టి, "గడియ పెట్టకోయ్, ఏదో మర్చిపోయే ఉంటాను" అని అక్క వంక చూసి కన్ను గీటాడు. అక్క నా వైపు చూడకుండా నవ్వింది.

"బావా, ఆ మాట అనకండి" అన్నాను.

"ఏం మరదలా, దయ్యం పడుతుందా?"

"అవును" అన్నాను.

ఒక పొద్దున్న మెలకువ వచ్చింది. కళ్ళు తెరవకుండా అలవాటు ప్రకారం విన్నాను. బొంగురు గొంతు వినబడింది. కాదని తల విదిలించి మళ్ళీ విన్నాను. పన్ను విరిగిన పిల్ల స్నేహితురాలు వినబడింది. ఆ తర్వాత బావ. దిండు చెవులకి గట్టిగా నొక్కుకుని, "ఏదో" దగ్గర సాగదీసి నేనే పైకి అని చూశాను. నా గొంతే వినబడింది. ఆయన రాలేదు. మర్నాడు కూడా రాలేదు. వారం అలాగే పడుకుని ఎదురుచూశాను. చచ్చిపోయినప్పుడు ఒకసారి పోయాడు. ఇప్పుడు మళ్ళీ పోయాడు, ఈసారి మా అక్క చేతుల మీదుగా.

సామాను నేనే సర్దుకున్నాను. డాక్టరు గారి దగ్గర పనిచేసే నర్సు తన గది పక్కది ఖాళీగా ఉందంటే మాట్లాడుకున్నాను. అక్క మేడ మీదికి వచ్చి తలుపుకి ఆనుకుని నిలబడింది.

"ఒక్కటి చెప్పనా? నీ దగ్గరుంటే అది నీతోనే పోయేది. ఇప్పుడు చూడు, ఎంతమంది నోళ్ళల్లో బతుకుతున్నాడో మా మరిది" అంది. ఆ మాట ఆమె నిజంగానే నమ్ముతోంది. కళ్ళు చూస్తే తెలిసింది.

"నాతోనే పోవాలని దాచుకున్నానక్కా" అన్నాను.

బావ పెట్టె కిందికి దింపి ఆటోలో పెట్టాడు. ఏమిటమ్మా మీ ఇద్దరికీ, అని అడిగాడు. మీ ఆవిడనే అడగండి అన్నాను. అడిగాడో లేదో నాకు తెలియదు.

ఆ ఆదివారం అత్తయ్య దగ్గరికి వెళ్ళాను. వాన వెలిసి ఎండ కాస్తోంది. లోపల టీవీ పెట్టలేదు. ఆవిడ వరండాలో తీగ మీది బట్టలు తీసి మడత పెడుతోంది. నన్ను చూసి రమ్మని అనలేదు.

"పై ఇంటి పిల్ల ఫోన్లో మీ అక్క రాసిన కథేదో పెట్టుకుని వింటోంది" అంది. "కిటికీలోంచి నాకూ వినబడింది. అందులో మా వాడి మాట ఉంది."

నేను విప్పబోయిన చెప్పులు అలాగే ఉంచుకుని నిలబడిపోయాను.

"బడికి వెళ్తూ అనేవాడు నాతో. పలకో బలపమో వదిలేసి సందు చివరిదాకా పోయి, మళ్ళీ పరిగెత్తుకొచ్చేవాడు. ఉద్యోగంలో చేరాక కూడా అదే వరస. నాకొక్కదానికే చెబుతాడనుకున్నాను ఇన్నాళ్ళూ."

నేనూ అలాగే అనుకున్నాను. అక్కడికక్కడే నాకు ఆయన మీద కూడా కోపం వచ్చింది. పోయిన మనిషి మీద ఏం కోపమండీ, కానీ వచ్చింది. మళ్ళీ వెంటనే, బలపం కోసం పరిగెత్తుకొచ్చే పిల్లాడు కళ్ళ ముందు కనబడ్డాడు.

"నీతోనూ అన్నాడు. సరే, పెళ్ళానికి చెప్పుకోడూ? దానికి నాకేం బాధ లేదు" అంది ఆవిడ, ఒక తువ్వాలు దులిపి. "కానీ దాన్ని నువ్వు ఊరందరికీ పంచిపెట్టడమేమిటమ్మాయ్?"

"నేను పంచలేదత్తయ్యా. నేను రాయలేదు. అక్కతో చెప్పుకున్నాను, అంతే."

"అక్కతో చెప్పావు కదా."

కుర్చీ, చాప, కిటికీ కింద నీళ్ళు, అక్క వేసిన ఒట్టు, అన్నీ చెబుదామని నోరు తెరిచాను. ఆవిడ ముందు నిలబడితే అవి నాకే పిల్లలాటల్లా అనిపించాయి. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. అక్కని ఎంత తిట్టినా ఈవిడ దగ్గర నాకు ఒరిగేది లేదు. ఉన్న నిజం ఒక్కటే మిగిలింది, అదే చెప్పాను.

"ఆయన గొంతు నాకు వినబడటం లేదత్తయ్యా. ఆ మాటలోనే ఉండేది. ఇప్పుడు ఎంత ఆలోచించినా ఆ కథ చదివినాయన గొంతే వస్తోంది."

అత్తయ్య చేతిలో తువ్వాలు మడత సగంలో ఆగింది. "వాడు అలా అనడు" అంది. "ఆ చదివేవాడికి ఏం తెలుసు? మా వాడు మధ్యలో సాగదీస్తాడు."

వీధివైపు తిరిగింది. "గడియ పెట్టకు. ఏ...దో మర్చిపోయే ఉంటాను" అంది.

ముసలి గొంతే, ఆడ గొంతే. కానీ ఆ సాగదీత ఆయనదే, చివర్లో ఆ నవ్వు మింగడం ఆయనదే. ఒక్క క్షణం ఆయనే కనబడ్డాడు. గుమ్మంలో చెయ్యి ఆనించి నిలబడ్డాడు, బండి తాళాలు వేలికి తిప్పుతున్నాడు. అంతలోనే ఆ గొంతు పోయింది. గట్టిగా పట్టుకుందామనుకునేలోగా పోయింది.

"ఇంకొక్కసారి అనండత్తయ్యా" అన్నాను. తువ్వాలుతో సహా ఆవిడ చేతులు పట్టేసుకున్నాను. "మీకు దణ్ణం పెడతాను. ఒక్కసారి."

ఆవిడ చేతులు విడిపించుకోలేదు. నా మొహంలోకి చూసింది.

"ఎందుకూ?" అంది. "మీ అక్కకి చెప్పడానికా?"